దీపం కింద తీరం

ఒకప్పుడు మద్రాసు పొయ్యిలకు కట్టెలు పంపింది నెల్లూరు తీరం. ఇప్పుడు నగరాలకూ ఫ్యాక్టరీలకూ, ఆఖరికి సరిహద్దు దాటి పొరుగు దేశానికీ కరెంటు పంపుతోంది. మరి తన పొయ్యి సంగతేంటి? పేదింటి వెలుగుకూ, వేడెక్కుతున్న సముద్రానికీ మధ్య లెక్క ఎక్కడ కుదరాలి?

తెల్లవారుజామున మూడున్నర గంటలు. తీరంలోని పట్టపుపాలెంలో మగవాళ్లు వలలు భుజాన వేసుకుని ఇసుకలోకి దిగుతున్నారు. పడవను నీళ్లలోకి తోసేలోగా వాళ్లకు ఇంత సద్దన్నమో, వేడి టీయో పడాలి. గుడిసె వెనక మూడు రాళ్ల పొయ్యి. అందులో సర్కారుతుమ్మ కంప. రాత్రి మంచుకు తడిసిన పుల్ల ఒకంతట అంటుకోదు. ఇల్లాలు ఊదుడు గొట్టం అందుకుంటుంది. ఊదినకొద్దీ పొగ... కళ్లలో నీళ్లు. వీపుకు అంటుకుని కూర్చున్న పసివాడికి దగ్గు.

గుడిసెలో ఓ మూల గ్యాస్ స్టౌ ఉంది. పక్కనే ఎర్రటి బండ. దానిమీద పాత చీర ముక్క కప్పి ఉంటుంది. చుట్టాలొచ్చినప్పుడు, ముసురు పట్టి కంప తడిసిపోయినప్పుడు, ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రమే ఆ చీర ముక్క పక్కకు తొలుగుతుంది.

అదే సమయంలో కృష్ణపట్నం వైపు తలెత్తి చూస్తే ఆకాశంలో ఎర్రటి దీపాలు మినుకుమినుకుమంటుంటాయి. అవి చుక్కలు కావు. థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల మీద విమానాలు గుర్తుపట్టడానికి పెట్టిన దీపాలు. వేల మెగావాట్ల నిప్పు ఓ పక్క, మూడు రాళ్ల మధ్య నిప్పు మరో పక్క. నెల్లూరు తీరం కథంతా ఈ రెండు నిప్పుల మధ్యే నడుస్తోంది.

కట్టెల పడవలు

ఇంధనాన్ని బయటికి పంపడం ఈ తీరానికి కొత్తేమీ కాదు. రోడ్లు సరిగా లేని రోజుల్లో మద్రాసు నగరం వంటచెరకు కోసం ఉత్తరం వైపు చూసేది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట అడవుల్లో కొట్టిన కట్టెలు పడవలకెక్కి, పులికాట్ సరస్సు మీదుగా, బకింగ్‌హాం కాలువ వెంట మద్రాసు చేరేవి. కట్టెలు కొట్టి, మోపులు కట్టినవాళ్లలో ఎక్కువమంది యానాదులు. ఆ అడవి వాళ్ల ఇల్లు. దుంపలూ తేనే వాళ్ల తిండి. నగరంలో ఎవరి వంటింట్లోనో పొయ్యి వెలగడానికి వాళ్ల చెమట ఆవిరయ్యేది. తర్వాత ఆ దీవి అంతరిక్ష కేంద్రమైంది. 1971 అక్టోబరు 9న అక్కణ్నుంచి తొలి రాకెట్ నింగికెగిరింది.

బకింగ్‌హాం కాలువకూ ఓ కథ ఉంది. 1806లో మద్రాసు దగ్గర తవ్వకం మొదలైంది. అంచెలంచెలుగా ఉత్తరాన పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా సాగింది. 1876-78 నాటి మహాకరువులో, అదే మన పెద్దలు చెప్పుకునే ధాత కరువులో, తిండిలేని జనానికి పని చూపించడానికి మద్రాసులోని ఓ భాగాన్ని కరువు పని కింద తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు స్థిరపడింది.

ఇప్పుడు పొయ్యిలో మండుతున్న సర్కారుతుమ్మ కూడా ఆ కరువు రోజుల చుట్టమే! 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో దీన్ని నాటారు. ఎండకు బెదరదు, ఉప్పు నేలకు వెరవదు, పశువులు విత్తనాన్ని ఊరూరా మోసుకెళతాయి. నూటయాభై ఏళ్లు తిరగకుండానే చెరువు గట్లూ, కాలవ ఒడ్లూ, ఉప్పు పర్రలూ ఆక్రమించేసింది. రైతు దాన్ని తిట్టని రోజు ఉండదు. పేదింటి ఇల్లాలు దాన్ని నరకని రోజూ ఉండదు.

ఇక సరుగుడు. 19వ శతాబ్దం రెండో సగంలో రైలింజన్లు కట్టెలతో నడిచేవి. వాటికోసం మద్రాసు రాజధాని తీరంలో సరుగుడు తోటలు వేయించారు. ఇసుక నేలలో నిటారుగా పెరిగే ఆ చెట్టు ఇప్పటికీ తీరం రైతులకు ఆసరానే. కాకపోతే దుంగలు కాగితం మిల్లులకు వెళ్లిపోతాయి. రాలిన సూదుల్లాంటి ఆకూ, ఎండు పుల్లా ఏరుకోవడం మాత్రం పేదల వంతు.

వెలిగిన ఊళ్లో చీకటి ఇళ్లు

'కిరసనాయిలు బుడ్డి' అంటే ఇప్పటి పిల్లలకు బొమ్మ గీసి చూపించాలి. సీసా, మూతకు చిల్లు, అందులోంచి గుడ్డ వత్తి. గాలొస్తే రెపరెప. పడిపోతే గుడిసె బుగ్గి. దాని వెలుతురులోనే పిల్లలు చదివారు, పెద్దలు చిరిగిన వలలకు ముడులేశారు. కరెంటు వస్తే ఏం మారుతుందో తీరం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. చీకట్లో కాలు కింద పాము కనపడుతుంది. రేడియో, టీవీ, తర్వాత సెల్‌ఫోన్ తుపాను కబురు ముందే చెబుతాయి. ఐసు దొరికితే పట్టిన చేపను సాయంత్రానికల్లా అయినకాడికి అమ్ముకోనక్కర్లేదు.

కానీ కరెంటు 'వచ్చింది' అంటే ఏమిటి? ఇక్కడే ఉంది తిరకాసు. 1997కు ముందు ఊరి పొలిమేరలో ఎక్కడో ఓ చోట కరెంటు వాడితే చాలు, ఆ ఊరు విద్యుదీకరించినట్టే లెక్క! పొలంలో ఒక మోటారు తిరిగినా ఊరంతా వెలిగినట్టే. 2004లో నిబంధన మార్చారు. బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లతో పాటు కనీసం పదిశాతం ఇళ్లకు కరెంటు ఉండాలన్నారు. అంటే వంద గుడిసెల పాలెంలో తొంభై చీకట్లో ఉన్నా కాగితం మీద ఆ ఊరు వెలిగిపోయినట్టే. ఆ నిబంధన మీదే 2005లో రాజీవ్‌గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న ఇళ్లకు ఉచితంగా కనెక్షన్లిచ్చింది. ఊరిని కాకుండా ఇంటినే లెక్కలోకి తీసుకున్నది 2017 నాటి సౌభాగ్య పథకం. ఆంధ్రప్రదేశ్‌లో తీగ చాలా రాష్ట్రాల కన్నా ముందే ఇంటింటికీ చేరింది. నెలకు 200 యూనిట్ల దాకా వాడే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉచిత విద్యుత్ 2019లో అమల్లోకి వచ్చింది.

ఈ ప్రయాణంలో చడీచప్పుడూ లేకుండా పెద్ద మేలు చేసింది ఓ చిన్న బల్బు. పాత 60 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి యూనిటున్నర కూడా కాదు. ప్రభుత్వం ఈ బల్బులను కోట్ల సంఖ్యలో ఒకేసారి కొనడంతో, 2014లో 310 రూపాయలు పలికిన కొనుగోలు ధర రెండేళ్లలో 40 రూపాయల లోపుకు దిగింది. పేదవాడికి బిల్లు తగ్గింది, దేశానికి బొగ్గు తగ్గింది. పేదరికం మీద పోరాటమూ, భూతాపం మీద పోరాటమూ ఒకే పనితో నడవగలవనడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు.

పొదుపు చేసిన చేతులు

బల్బు వెలిగినంత తేలిగ్గా పొయ్యి మారలేదు. ఎందుకో తెలియాలంటే నెల్లూరు మహిళల కథలోకి వెళ్లాలి.

1992లో ఇదే జిల్లా మెట్ట ప్రాంతంలోని దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం రాజుకుంది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, ఆ పాఠాల స్ఫూర్తితోనే సారా దుకాణాలు మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మార్మోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక, రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. ఆ పొదుపు సంఘాలే తర్వాత డ్వాక్రా గ్రూపులుగా ఊరూరా అల్లుకున్నాయి.

1999లో 'దీపం' పథకం వచ్చినప్పుడు గ్యాస్ కనెక్షన్లు ముందుగా అందింది ఆ గ్రూపుల్లోని పేద మహిళలకే. సిలిండరుకు కట్టాల్సిన డిపాజిట్టును ప్రభుత్వం భరించింది. ఆడవాళ్ల పేరు మీద కనెక్షన్ ఇవ్వడం అప్పట్లో చిన్న సంగతి కాదు. అప్పటి పథకాల పేర్లు చూడండి. గ్యాసుకు 'దీపం', 2000లో మొదలైన పేదరిక నిర్మూలన పథకానికి 'వెలుగు'. పేదరికాన్ని చీకటితో పోల్చడం మనకు అంత అలవాటు మరి! 2016 మే 1న కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చేసరికి, రాష్ట్రంలో ఎనభై శాతానికి పైగా ఇళ్లు వంటకు ప్రధానంగా పొగలేని ఇంధనమే వాడుతున్నాయని తేలింది. ఒక తరంలో ఇంత మార్పు మాటలు కాదు.

అయితే బండ ఇంటికి రావడం ఒక ఎత్తు. అయిపోయాక రెండో బండ రావడం మరో ఎత్తు. నలుగురున్న ఇంట్లో 14.2 కిలోల సిలిండరు నెల, నెలా పది రోజులు వస్తుంది. ధర దాదాపు తొమ్మిది వందల రూపాయలు. జీతగాడికి అది నెల ఖర్చుల్లో ఒక పద్దు. రోజు వేటకెళితేనే డబ్బు చూసే ఇంటికి అంత మొత్తం ఒక్కసారే తీయడం కష్టం. పది రూపాయల నూనె, ఇరవై రూపాయల పప్పు కొన్నట్టు గ్యాస్ కొనుక్కోలేం కదా! కంపకు మాత్రం రూపాయి అక్కర్లేదు. దాని ధర వేరే రూపంలో ఉంటుంది. గంటల తరబడి నడక, చేతుల్లో ముళ్లు, నెత్తిన మోపు, ఊపిరితిత్తుల్లో పొగ.

పైగా తీరానికి మరో చిక్కుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ నిషేధం మంచిదేనని వేటగాళ్లకూ తెలుసు. కానీ ఆ రెండు నెలలూ రాబడి సున్నా. ప్రభుత్వమిచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. ఆ డబ్బులోంచే బియ్యం, అప్పుల మీద వడ్డీ, వల బాగుచేత, బడి తెరిచేనాటికి పిల్లల పుస్తకాలు... అన్నీ. వరసలో గ్యాస్ బండ చివర నిలబడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కంప బాగా ఎండి ఉంటుంది. ఇంకేముంది, మళ్లీ మూడు రాళ్ల పొయ్యే!

2024 దీపావళికి మొదలైన దీపం-2 పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ముందు డబ్బు కట్టి తీసుకుంటే తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. మంచి సాయమే. కానీ చేతిలో రొక్కం లేనివాళ్లకు ఆ 'ముందు' అన్న మాట దగ్గరే కాలు ఆగుతుంది. ఏడాదికి ఆ ఇంటికి కావాల్సింది ఎనిమిదో తొమ్మిదో. మూడు పోను మిగతావాటి మాటేమిటన్నదే అసలు ప్రశ్న.

పొగ సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. ఇళ్లలో పొయ్యి పొగవల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇప్పటికీ రెండు వందల కోట్ల మందికి పైగా ఈ పొగలోనే వండుకుంటున్నారు. మూడు రాళ్ల పొయ్యిలో కట్టెల వేడి గిన్నెకు చేరేది పదిశాతానికి కాస్త అటూఇటూ. మిగతాదంతా గాలికీ, గోడలకూ, ఇల్లాలి ముఖానికీ పోతుంది.

బొగ్గు ఓడలు వచ్చాక

ఇప్పుడు ఆ ఎర్రదీపాల దగ్గరికి వద్దాం. 2008 జులైలో కృష్ణపట్నం కొత్త ఓడరేవు మొదలయ్యాక తీరం రూపు మారింది. లోతైన రేవు, పక్కనే జాతీయ రహదారి, రైలు మార్గం, చల్లబరచడానికి సముద్రపు నీళ్లు. బొగ్గు కరెంటుకు ఇంతకన్నా ఏం కావాలి? ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం లేచింది. రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి పేరు పెట్టుకున్న ఈ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2015లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. మూడోదాన్ని 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. పక్కనే ప్రైవేటు రంగంలో సెయిల్ ఎనర్జీకి 660 మెగావాట్లవి నాలుగు యూనిట్లున్నాయి. ఈ రెండూ కలిపితేనే 5,040 మెగావాట్లు. మిగతా చిన్న కేంద్రాలు అదనం. సెయిల్ కేంద్రం నుంచి 250 మెగావాట్లు బంగ్లాదేశ్‌కు అమ్మే దీర్ఘకాలిక ఒప్పందం కూడా ఉంది. పూర్వం కట్టెల పడవ మద్రాసు దాకా వెళ్లింది. ఇప్పుడు కరెంటు ఢాకా దాకా వెళుతోంది!

బొగ్గు కూడా దూరాల నుంచే వస్తుంది. ఒడిశా తాల్చేరు గనుల బొగ్గు రైల్లో పారాదీప్ రేవుకు వెళ్లి, అక్కడ ఓడెక్కి కృష్ణపట్నంలో దిగుతుంది. కొంత ఇండోనేసియా వంటి దేశాలది. ఆ విదేశీ బొగ్గును నమ్ముకుని చేతులు కాల్చుకున్న కథ కూడా ఇక్కడే ఉంది. కృష్ణపట్నంలో 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టును 2007లో రిలయన్స్ పవర్ యూనిట్ 2.33 రూపాయల సగటు ధరకు దక్కించుకుంది. ఇండోనేసియా 2010లో నిబంధనలు మార్చి బొగ్గు అమ్మకాన్ని అంతర్జాతీయ ధరలకు ముడిపెట్టింది. లెక్క తలకిందులై 2011లో పనులు ఆగిపోయాయి. చవక కరెంటు అన్నది ఎవరి చేతిలోనో ఉన్న ధర మీద ఆధారపడితే ఏమవుతుందో తీరం కళ్లారా చూసింది.

ఇప్పుడో చిన్న లెక్క. 800 మెగావాట్ల యూనిట్ ఒక గంటసేపు పూర్తిస్థాయిలో నడిస్తే 8 లక్షల యూనిట్ల కరెంటు. పేదింట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను, టీవీ, సెల్‌ఫోను చార్జింగు కలిపి నెలకు 50 యూనిట్లనుకుందాం. ఆ గంట కరెంటుతో 16 వేల ఇళ్లు నెల రోజులు గడుపుతాయి. ఈ తీరంలో కరెంటుకు కొరత లేదు. దాన్ని వాడుకునే స్తోమతకే కొరత.

కరెంటు పేదరికాన్ని తగ్గించాలంటే దీపంతో ఆగకూడదు, పని పుట్టించాలి. అందుకు రొయ్యల చెరువులే సాక్ష్యం. 2009లో వెనామీ రొయ్య దేశంలోకి వచ్చాక తీరంలో చెరువులు మళ్లీ కళకళలాడాయి. పగలు నీళ్లలోని నాచు ఎండలో ప్రాణవాయువు తయారుచేస్తుంది. రాత్రయితే అదీ రొయ్యలతో పాటు ప్రాణవాయువు పీల్చేస్తుంది. అందుకే తెల్లవారుజామున ఏరియేటర్ ఆగిందంటే రైతు గుండె ఆగినట్టే. కరెంటు పోతే వెంటనే డీజిల్ జనరేటర్ మోగాలి. 2019లో ఆక్వా రైతులకు యూనిట్ ధర రూపాయిన్నరకు తగ్గించారు. దానివల్ల నిలదొక్కుకున్న చిన్న రైతులున్నారు. చెరువు గట్ల మీద, ప్యాకింగు షెడ్లలో వేలమందికి పనీ దొరికింది. కానీ చెరువు ఉన్నవాడికి అందినంత రాయితీ, గట్టు మీద రాత్రంతా కాపలా కాసేవాడి పొయ్యికి అందలేదు.

ఎవరి పొగ, ఎవరి వరద?

బొగ్గు మండితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. భూమి వేడెక్కుతుంది. ఇది బడిపిల్లలకూ తెలిసిన పాఠమే. బంగాళాఖాతం వేడెక్కితే ఆ వేడే తుపానుకు ఇంధనం. వెచ్చని గాలి ఎక్కువ నీటిని మోస్తుంది. అది ఒక్కసారిగా కుమ్మరిస్తే ఏమవుతుందో నెల్లూరుకు తెలుసు. 2015 నవంబరులో వరదలు. 2020 నవంబరులో నివర్. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్. ప్రతి తుపానునూ భూతాపం ఖాతాలో వేసేయడం సరికాదు. తీరానికి తుపాన్లు ఎప్పుడూ ఉన్నవే. కానీ కుండపోత వానలు పెరగడం, సముద్రమట్టం పెరుగుతున్నకొద్దీ ఉప్పెన మరింత లోపలికి రావడం శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్న విషయాలు.

ఆ పొగలో పేదవాడి వాటా ఎంత? బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకుందాం. నెలకు 50 యూనిట్లు వాడే ఇల్లు ఏడాదికి సుమారు 600 కిలోలు. నలుగురికి పంచితే మనిషికి నూటయాభై కిలోలు! అన్నిరకాల ఇంధనాలూ కలిపి సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల దరిదాపుల్లో ఉంటే, సగటు అమెరికన్‌ది పద్నాలుగు టన్నుల వరకూ ఉంది. పట్టపుపాలెం దీపాలు ఆర్పేస్తే చల్లబడే భూమి కాదిది.

అందుకే అంతర్జాతీయ వేదికల మీద మనదేశం చాలా ఏళ్లుగా ఒకటే మాట చెబుతోంది. ముందు పేదరికం పోవాలి, ఎక్కువ పొగ వదిలినవాళ్లు ఎక్కువ బాధ్యత తీసుకోవాలి అని. 2008 జూన్‌లో తెచ్చిన జాతీయ కార్యాచరణ ప్రణాళికలోని ఎనిమిది మిషన్లకూ పునాది అదే. 2021లో గ్లాస్గో సదస్సులో 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నా చేస్తామని ప్రకటించింది. న్యాయమైన వాదనే. అయితే దేశాల మధ్య కోరే న్యాయం దేశం లోపల, ఒకే మండలంలో రెండు ఇళ్ల మధ్య కూడా ఉండాలి కదా!

బొగ్గు పన్ను సంగతే చూడండి. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు మొదలైంది. శుభ్రమైన ఇంధనాల కోసం నిధి అన్నారు. 2016కల్లా అది 400 రూపాయలైంది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ డబ్బు రాష్ట్రాల పన్ను నష్టం పూడ్చడానికి మళ్లింది. 2025లో ఆ సెస్సు ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. ఆ పదిహేనేళ్లలో బొగ్గు మీద వచ్చిన డబ్బులో కొంతైనా, బొగ్గు దిగే రేవు పక్క పాలెంలో పొగలేని పొయ్యికి చేరి ఉంటే?

ఎండ అందరిదీ... నేల?

సూర్యుడితో పనిచేయడం ఈ తీరానికి పాత విద్యే. ఇసకపల్లి ఉప్పు మళ్లలో తరతరాలుగా ఎండే ఇంధనం. ఇసుక మీద ఎండుచేపలకూ అదే పొయ్యి. ఇప్పుడు ఆ ఎండతో కరెంటు తీయడం బొగ్గు కన్నా చవకైంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పు మీద మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల దాకా రాయితీ ఉంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా అమరుస్తామని రాష్ట్రం ప్రకటించింది.

బాగానే ఉంది. కాకపోతే పలకలు బిగించడానికి ముందు గట్టి పైకప్పు ఉండాలి. తాటాకు గుడిసె మీద ఎక్కడ బిగిస్తాం? ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, తుపాను గాలికి పలక ఎగిరిపోతుంది. కాబట్టి పాలెం మొత్తానికి తుపాను షెల్టరు మీదో, బడి మీదో ఒకే గట్టి కప్పు మీద పలకలు పెట్టడం మేలైన దారి. మామూలు రోజుల్లో ఐసు పెట్టెలకు, తుపాను రాత్రి సెల్‌ఫోన్లకూ మంచినీటి మోటారుకూ అదే ఆసరా అవుతుంది.

పెద్ద సౌర పరిశ్రమ వస్తే అంతా మంచే అనుకోవడానికీ లేదు. రామాయపట్నం రేవుకు దగ్గర్లోని కరేడు ప్రాంతంలో సౌర పలకల ఫ్యాక్టరీ కోసం ఎనిమిది వేల ఎకరాలకు పైగా సేకరించాలన్న ప్రతిపాదన మీద 2025లో రైతులు రోడ్డెక్కారు. వాళ్లది సౌరశక్తి మీద కోపం కాదు. పంట పండే నేల పోతుందన్న దిగులు. బొగ్గయినా, ఎండయినా నేల ఇచ్చేది ఒకరు, వెలుగు పొందేది మరొకరు అయితే పేరు మారిందే తప్ప కథ మారలేదని అర్థం.

మళ్లీ ఆ పొయ్యి దగ్గరికి

తెల్లారింది. పడవలు దిగంతాన చుక్కలయ్యాయి. పొయ్యిలో కంప బూడిదైంది. ఇల్లాలు గిన్నెలకు పట్టిన మసి తోముతోంది. ఎన్ని కనెక్షన్లు ఇచ్చామన్నది ప్రభుత్వాలు చెప్పే లెక్క. ఎన్ని మెగావాట్లు పుట్టించామన్నది కంపెనీలు చెప్పే లెక్క. ఆమె దగ్గర అడగాల్సిన లెక్క వేరే ఉంది. ఏడాదిలో ఎన్ని బండలు తెప్పించుకోగలిగావమ్మా? వేట లేని రెండు నెలలూ పొయ్యి దేనితో వెలిగింది? తుపాను రాత్రి నీ ఇంట్లో దీపం ఉందా?

ఈ మూడింటికీ జవాబు మారాలంటే బ్రహ్మవిద్యలేమీ అక్కర్లేదు. బండ డబ్బు ముందు కట్టి తర్వాత తీసుకునే బదులు, కట్టకుండానే తీసుకునే వీలుండాలి. చేతిలో ఉన్నంత డబ్బుకు కొనుక్కునేలా ఐదు కిలోల చిన్న బండలు పాలెం కొట్లోనే దొరకాలి. వేట నిషేధం రోజుల్లో ఒక్క బండైనా భృతితో పాటు ఇంటికి రావాలి. వీటికి అయ్యే ఖర్చు ఒక పెద్ద పొగగొట్టం ఖర్చుతో పోలిస్తే ఎంతని!

దీపం కింద చీకటి తప్పదంటారు పెద్దలు. నూనె దీపానికది నిజమే. ఎల్ఈడీ దీపాన్ని మాత్రం పైన వేలాడదీసుకుంటాం. దాని కిందే వెలుతురు ఎక్కువ. రేపు తెల్లవారుజామున మూడున్నరకు ఆ ఎర్రటి బండ మీది చీర ముక్క పక్కకు తొలిగితే, ఊదుడు గొట్టం మూలన పడితే, నెల్లూరు తీరం పంపిన కట్టెలకూ కరెంటుకూ కొంతైనా బాకీ తీరినట్టు.